రింగు ఎక్కడ పడింది?

జాతరలోనో ఎగ్జిబిషన్‌లోనో రింగుల ఆట ఆడనివాళ్లు అరుదు. బల్ల మీద సబ్బులూ పౌడరు డబ్బాలూ ప్లాస్టిక్ బొమ్మలూ పేర్చి ఉంటాయి. డబ్బులిస్తే చేతికి నాలుగు రింగులు ఇస్తాడు. ఏ వస్తువు చుట్టూ రింగు పడితే అది మనది. ఎక్కడ నిలబడి విసరాలో మాత్రం ఆటవాడే నిర్ణయిస్తాడు. అడ్డంగా తాడు కట్టి ఉంచుతాడు. ఒకవేళ ఆ తాడు తీసేసి, 'మీ ఇష్టం... ఎంత దూరం నుంచైనా విసరండి' అన్నాడనుకోండి. అప్పుడు ఎవరెక్కడ నిలబడతారు?

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన డేవిడ్ మెక్‌లెలాండ్‌కి ఆసక్తి కలిగించింది సరిగ్గా ఈ ప్రశ్నే. ఒక మేకు, కొన్ని రింగులు, దూరం మీ ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి రింగు తొడిగినంత పని చేస్తారు. తప్పే అవకాశం లేదు, గెలిచామన్న సంతోషమూ లేదు. కొందరు ఆ చివర గోడకి ఆనుకుని విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే 'అంత దూరం నుంచి ఎవడికి పడుతుందిలే' అన్న ఊరట. ఇంకో రకం వాళ్లు ఉంటారు. కాస్త ముందుకి జరుగుతారు, కాస్త వెనక్కి జరుగుతారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని విసిరితే పడుతుంది, లేకపోతే పడదు అన్న చోట నిలబడతారు. పడితే ఓ అడుగు వెనక్కి, పడకపోతే ఓ అడుగు ముందుకి. సొంత వ్యాపారంలో నిలదొక్కుకునే లక్షణం ఈ మూడో రకం వాళ్లలో ఎక్కువన్నది మెక్‌లెలాండ్ అభిప్రాయం. 1961లో రాసిన 'ది అచీవింగ్ సొసైటీ' అనే పుస్తకంలో సాధించాలన్న తపన గురించి ఆయన విస్తారంగా చర్చించారు.

మరి ఆ లక్షణం పుట్టుకతో రావాలా, నేర్పితే వస్తుందా? అది తేల్చుకోవడానికి ఆయన ఎంచుకున్న ఊరేమిటో తెలుసా? మన కాకినాడ!

కాకినాడ వ్యాపారులు

అది 1964. చిన్న పరిశ్రమల వాళ్లకి శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి అప్పటికి రెండేళ్ల క్రితమే ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి తరలివచ్చింది. సియెట్ అనేవారు. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ అదే. మెక్‌లెలాండ్ బృందం ఆ సంస్థతో కలిసి కాకినాడ నుంచి 52 మంది వ్యాపారుల్ని విడతలవారీగా పిలిపించింది. పోల్చి చూసుకోవడానికి శిక్షణ ఏమీ ఇవ్వకుండా పక్కనే ఉన్న రాజమండ్రి వ్యాపారుల్ని ఎంచుకుంది.

శిక్షణ అంటే అప్పు ఎలా తెచ్చుకోవాలి, ఏ మిషను కొనాలి అని కాదు. బొమ్మలు చూపించి కథలు రాయించారు. ఆటలు ఆడించారు. చేరుకోదగ్గ లక్ష్యం పెట్టుకోవడం ఎలా, దాన్ని ముక్కలు చేసుకోవడం ఎలా, ఎంతవరకూ వచ్చామో ఎప్పటికప్పుడు చూసుకోవడం ఎలా అన్నదాని మీదే దృష్టి పెట్టించారు. కొద్దిరోజుల ముచ్చట. ఆ తర్వాత ఎవరి ఊరికి వాళ్లు, ఎవరి కొట్టుకి వాళ్లు.

రెండేళ్లు గడిచాక వెళ్లి చూశారు. శిక్షణ తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మంది వ్యాపారాన్ని పెంచే పనేదో ఒకటి మొదలుపెట్టారు. కొత్త సరుకు, కొత్త పెట్టుబడి, కొత్తగా నలుగురికి పని... ఇలా. తీసుకోనివాళ్లలో అలాంటివాళ్లు సుమారు నాలుగో వంతే. కులమూ, సంప్రదాయ నమ్మకాలూ ఈ ఫలితానికి అడ్డు రాలేదు. బొట్టు పెట్టుకుని, ముహూర్తం చూసుకునే గల్లాపెట్టె తెరిచేవాళ్లు కూడా చక్కగా ముందుకెళ్లారు. పంచె కట్టుకున్నారా ప్యాంటు వేసుకున్నారా అన్నదానికీ లాభానికీ సంబంధం లేదని తేలిందన్నమాట! డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌లెలాండ్ ఈ వివరాలన్నీ 1969లో పుస్తకంగా తెచ్చారు. చిన్న వ్యాపారులకి 'మోటివేషన్' నేర్పడం గురించి ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా కాకినాడ పేరు వినిపిస్తుంది. కాకినాడలోనే ఎక్కువమందికి తెలియదు.

ఆ అధ్యయనంలో ఇంకో ముక్క కూడా ఉంది. దాని సంగతి చివర్లో.

'ఏదో, నడుస్తోందండీ'

బడికెళ్లే పిల్లాడికి ప్రోగ్రెస్ కార్డు ఉంటుంది. ఉద్యోగికి ఇంక్రిమెంటు ఉంటుంది. అది ఆగిపోతే ఎక్కడో తేడా వచ్చిందని అర్థమవుతుంది. చిన్న టిఫిన్ సెంటరు నడిపే మనిషికి ఏముంటుంది? తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. పిండి, పచ్చడి, సాంబారు. ఎనిమిదింటికి రద్దీ. పదకొండింటికి గిన్నెలు. సాయంత్రం మళ్లీ మొదలు. పనివాడు రాకపోతే ఇంట్లోవాళ్లే పనివాళ్లు. బాగా చేశావని భుజం తట్టే అధికారి లేడు, బాగా లేదని మెమో ఇచ్చే అధికారీ లేడు.

ఇలా అయిదేళ్లు, పదేళ్లు గడిచాక ఒకరోజు షట్టర్ ఎత్తబుద్ధి కాదు. దాన్ని అందరూ బద్ధకం అనుకుంటారు. ఇంట్లోవాళ్లు 'ఈమధ్య మీకు వ్యాపారం మీద ధ్యాస లేదు' అంటారు. ఆయన కూడా అదే నిజమనుకుని, ఏ ప్రసంగమో విని, గోడకి నాలుగు సూక్తులు అంటించుకుని ఉత్సాహం తెచ్చుకోవాలని చూస్తాడు. రెండ్రోజులు వస్తుంది కూడా. మూడో రోజు మామూలే. రింగు విసురుతూనే ఉన్నాడు కానీ అది ఎక్కడ పడుతోందో కనపడటం లేదు. చీకట్లో ఎంతసేపని విసురుతాడు?

'వ్యాపారం ఎలా ఉంది?' అని అడిగితే మన దగ్గర వచ్చే సమాధానం ఒకటే. 'ఏదో, నడుస్తోందండీ.' అది వినయం అనుకుంటాం. చాలాసార్లు అది నిజం. ఆయనకి నిజంగానే తెలియదు. ఉదయం గల్లాలో పడిన డబ్బులోంచే కూరగాయలకి ఇస్తాడు. అందులోంచే అమ్మాయి ట్యూషన్ ఫీజు, చీటీ వాయిదా, చుట్టాల పెళ్లిలో చదివింపులు. మర్నాడు సరుకు కొనడానికి గల్లా చాలకపోతే ఇంట్లో బీరువాలోంచి తెస్తాడు. నెలాఖరుకి కొట్టు ఇంటిని పోషించిందా, ఇల్లే కొట్టుని పోషించిందా... ఎవరు చెప్పగలరు?

డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశంలో సరిగ్గా ఈ బాధ మీదే ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. అప్పు తీసుకున్న చిన్న వ్యాపారుల్లో కొందరికి పద్ధతిగా అకౌంట్లు నేర్పించారు. జమ, ఖర్చు, నిల్వ, చేతిలో ఉండాల్సిన పెట్టుబడి... అన్నీ. ఇంకొందరికి మాత్రం అలాంటివేవీ లేకుండా గుర్తుండిపోయే రెండు మూడు సూత్రాలు చెప్పారు. వాటిలో ముఖ్యమైనది ఏమిటంటే కొట్టు డబ్బుకి ఒక సొరుగు, ఇంటి డబ్బుకి ఇంకో సొరుగు. ఇందులోంచి అందులోకి తీస్తే చీటీ రాసి పెట్టాలి. అంతే. 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, పూర్తి అకౌంట్లు నేర్చుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సొరుగు సూత్రం నేర్చుకున్నవాళ్లు లెక్కలు మెరుగ్గా పెట్టుకున్నారు. గిరాకీ లేని వారాల్లో కూడా వాళ్ల అమ్మకాలు మరీ దిగజారలేదు.

మన అమ్మమ్మలకి ఈ విద్య తెలియక కాదు. పోపుల డబ్బాలో ఒక లెక్క, చీర మడతలో ఇంకో లెక్క. కొట్టు దగ్గరికి వచ్చేసరికే మరిచిపోయాం. ఇప్పుడు ఇంకో చిక్కు. గల్లాలో చిల్లర చప్పుడైనా పోయింది. కౌంటరు మీద స్కానర్ బొమ్మ పెట్టాక వచ్చేదంతా ఫోనులోకే వస్తుంది, అదే ఫోనులోంచి కరెంటు బిల్లూ సినిమా టికెట్లూ వెళ్లిపోతాయి. సొరుగులు రెండు కావాలంటే ఈరోజుల్లో బ్యాంకు ఖాతాలు రెండు కావాలి. కొట్టుకి ఒకటి, ఇంటికి ఒకటి. నెలకి ఇంత అని యజమాని తనకి తనే జీతం రాసుకుని, కొట్టు ఖాతాలోంచి ఇంటి ఖాతాకి పంపుకోవాలి. మొదటి నెల ఆ జీతం చూసి కళ్లు తిరగొచ్చు. తన దగ్గర పనిచేసే మాస్టర్ కంటే తనకే తక్కువని తెలిసిన యజమానులు ఉంటారు. ఆ బాధ కూడా మంచిదే. కనీసం ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది.

వానలో అప్పడాలు

లెక్కలు సరే, అంతటితో అయిపోతుందా? పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశంలో 1,500 మంది చిన్న వ్యాపారుల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి ఏ శిక్షణా లేదు. రెండో జట్టుకి మామూలు వ్యాపార పాఠాలు. మూడో జట్టుకి చొరవ నేర్పారు. ఎవరో చెప్పేదాకా ఆగకుండా మొదలుపెట్టడం, రాబోయే ఇబ్బందిని ముందే ఊహించడం, అడ్డు వస్తే ఇంకో దారి వెతకడం. రెండేళ్లు గమనించి 2017లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఏ శిక్షణా లేనివాళ్లతో పోలిస్తే చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలు విన్నవాళ్లకి 11 శాతం, అదీ గట్టిగా చెప్పలేని పెరుగుదల.

ఇబ్బందిని ముందే ఊహించడం అంటే ఏమిటో తెలియాలంటే ఆఫ్రికా దాకా వెళ్లక్కర్లేదు. మన వంటింట్లో ఉన్న లిజ్జత్ అప్పడం ప్యాకెట్టు చాలు.

1959 మార్చి 15. బొంబాయి గిర్‌గాంలోని ఒక మేడ మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు. ఇచ్చింది ఛగన్‌లాల్ పరేఖ్ అనే సామాజిక కార్యకర్త. మొదటిరోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. తెలిసిన ఒక వ్యాపారికి అమ్మారు. బాగానే ఉంది. ఇంతలో వానాకాలం వచ్చింది. బొంబాయి వాన అంటే తెలిసిందే. అప్పడాలు ఎండవు. ఏం చేస్తారు? నాలుగు నెలలు పని ఆపేశారు. మొదటి ఏడాది మొత్తం అమ్మకం 6,196 రూపాయలు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వానని ఎవరు ఆపగలరు? కానీ మర్నాటి ఏడాది వానాకాలానికి వాళ్లు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచారు, కింద స్టవ్ వెలిగించారు. అంతే సంగతి! ఇంజనీరు రాలేదు, డ్రయ్యర్ రాలేదు. ఏటా వచ్చే వాన మళ్లీ వస్తుందని గుర్తుంచుకోవడమే ఆ నైపుణ్యం. చెప్పుకుంటే ఎంత చిన్న విషయం! శ్రావణమాసంలో బ్లౌజులు కుప్పలుగా వస్తాయని తెలిసీ ఆషాఢంలో ఖాళీగా కూర్చునే టైలర్లు ఎంతమంది లేరు?

పరేఖ్ ఇంకో మాట కూడా చెప్పారు. మొదట్లో వాళ్లు మేలురకం, చౌకరకం అని రెండు రకాలు చేసేవాళ్లు. నాణ్యత తగ్గించవద్దనీ, దీన్ని దానధర్మంలా కాకుండా వ్యాపారంలా నడిపి పద్దులు సరిగ్గా రాయమనీ ఆయన పట్టుబట్టారు. ఆ తర్వాత వాళ్లు పట్టుకున్నదల్లా బంగారమేమీ కాలేదు. అగ్గిపెట్టెలు, అగరుబత్తీలు, తోలు వస్తువులు కూడా ప్రయత్నించారు. కలిసిరాలేదు, వదిలేశారు. అప్పడాన్ని మాత్రం వదల్లేదు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఆసు దగ్గర ఏడేళ్లు

మంచం, స్టవ్‌తో తీరిపోయే కష్టాలు కొన్ని. ఏళ్ల తరబడి తీరనివి కొన్ని. చింతకింది మల్లేశం కథ 2019లో సినిమాగా వచ్చింది కాబట్టి చాలామందికి తెలుసు. అయితే సినిమాలో కంటతడి పెట్టించే ఘట్టాల కంటే, పని ఎలా ముందుకు సాగిందన్న భాగమే వ్యాపారం చేసుకునేవాళ్లకి ఎక్కువ ఉపయోగం.

ఆలేరు దగ్గర శారాజీపేట. ఇక్కత్ చీర నేయాలంటే మగ్గం ఎక్కకముందే ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రానికి వరసగా మేకులు ఉంటాయి. ఈ చివర ఉన్న మేకు నుంచి ఆ మేకులకి ఒక్కొక్క పోగూ చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. రోజుకి రెండు చీరలంటే 18 వేల సార్లు. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. మల్లేశం తల్లి లక్ష్మికి భుజం నొప్పులు. 'ఇక నావల్ల కాదు' అంటే ఇల్లు గడవదు. బడి మధ్యలోనే మానేసి మగ్గమెక్కిన కొడుకు, ఆ చెయ్యి చేసే పని యంత్రంతో చేయించాలనుకున్నాడు. అది 1992.

అనుకున్నాడు సరే, ఎలా? ఆయన ఇంజనీరు కాదు. యంత్రం బొమ్మ గీసిచ్చేవాళ్లు లేరు. గోడకి ఆనుకుని విసిరే రింగులాంటి లక్ష్యం అది. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే దాన్ని భాగాలుగా విడగొట్టుకున్నాడు. చట్రం ఒక పని. దారం ముందుకీ వెనక్కీ కదలడం ఒక పని. మేకు చుట్టూ దారం తిరగడం ఇంకో పని. ఒకటయ్యాక ఇంకొకటి. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఒక ముక్క, లేనప్పుడు మళ్లీ నేత. అప్పులయ్యాయి. ఊళ్లో నవ్వారు.

1997 నాటికి చాలా భాగం అయింది. చివరి కదలిక ఒక్కటి కుదరలేదు. డబ్బు అయిపోయింది. ఆపేశాడు. అవును, ఆపేశాడు! భార్యతో హైదరాబాద్ వచ్చి కరెంటు పనుల్లో చేరాడు. ఇలాంటి కథలు చెప్పేటప్పుడు ఈ రెండేళ్లని అందరూ ఒక్క వాక్యంలో దాటేస్తారు, 'పట్టు వదలని విక్రమార్కుడు' అనేసి. పట్టు వదలకపోవడం అంటే రోజూ అదే గోడకి తల కొట్టుకోవడం కాదు. ఇల్లు గడవాలి. అప్పు తీరాలి. ఆయన వదిలింది పనిని, ప్రశ్నని కాదు. 1999లో బాలానగర్‌లో ఏదో పని మీద ఒక వర్క్‌షాప్‌కి వెళ్తే అక్కడ ఒక యంత్రం తిరుగుతోంది. ఆ కదలిక చూడగానే తెలిసిపోయింది, ఏడేళ్లుగా వెతుకుతున్నది అదేనని. రోజూ ఎంతమంది చూసి ఉంటారు ఆ యంత్రాన్ని! వాళ్లలో ఎవరి బుర్రలోనూ ఆసు లేదు. ఉద్యోగం పక్కన పెట్టి, ఆ భాగం చేయించుకుని ఊరికి పట్టుకెళ్లాడు. యంత్రం తిరిగింది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. గంటల తరబడి సాగే ఆసు పని చీరకి గంటన్నరకి దిగింది.

అసలు వ్యాపారం ఆ తర్వాతే మొదలైంది. అమ్మకోసం ఒకటి చేయడం వేరు, పక్కింటివాళ్లకి అమ్మడం వేరు. అమ్మాక చెడిపోతే వెళ్లి బాగుచేయాలి. ఆయన ఆ యంత్రాన్ని అలాగే వదిలేయలేదు, ఎలక్ట్రానిక్ భాగాల గురించి తెలుసుకుని మెరుగుపరుస్తూ వచ్చారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పేటెంట్లూ పురస్కారాలూ తర్వాతి మాట. మగ్గం మనిషి కరెంటు పని నేర్చుకున్నాడు, కరెంటు పని చేస్తూ యంత్రం పని నేర్చుకున్నాడు. హైదరాబాద్‌లో గడిపిన ఆ రెండేళ్లు వృథా అని ఎవరైనా అనగలరా?

కుర్చీలోంచి లేవాలి

నేర్చుకోవడం అనగానే మనవాళ్లకి ఒక బెరుకు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషి మళ్లీ బల్ల మీద కూర్చోవడమా? ఫొటో స్టూడియోల సంగతే చూడండి. ఒకప్పుడు నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచప్ చేసి మొటిమలు మాయం చేసిన చేతులవి. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద, వాచీ చూడకుండానే ప్రింటు ఎప్పుడు తీయాలో తెలిసేది. 2000 దాటాక నాలుగైదేళ్లలో రీలు పోయింది, డిజిటల్ వచ్చింది. వీధిలో రెండు స్టూడియోలు ఉంటే ఒకటి మూతపడింది, ఒకటి నిలబడింది. నిలబడిన స్టూడియో యజమాని గొప్ప ఫొటోగ్రాఫర్ కానక్కర్లేదు. తన కొడుకు వయసున్న కుర్రాడి పక్కన స్టూలు వేసుకుని, మౌసు ఎలా పట్టుకోవాలో అడగడానికి సిగ్గుపడని మనిషి అయి ఉంటాడు. ముఖం మీద వెలుగు ఎటునుంచి పడాలో ఆయనకి ముందే తెలుసు. కుర్రాడికి తెలియనిది అదే. కొత్త పనిముట్టు చేతికి వచ్చాక పాత విద్య రెట్టింపు పనికొచ్చింది.

పసుపురంగు బోర్డుల ఎస్టీడీ బూత్‌లదీ అదే దారి. జెరాక్సు పెట్టినవాళ్లు, సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్నవాళ్లు మిగిలారు. 'ఫోను లేకుండా జనం ఎలా బతుకుతారులే' అని కూర్చున్నవాళ్లు సగం కరెక్టే చెప్పారు పాపం! ఫోను లేకుండా జనం నిజంగానే బతకలేదు. అది జేబులోకి వెళ్లిపోయింది.

నేర్చుకునే చోట్లకి కొదవ లేదు. బాలానగర్‌లోనే 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పెద్ద కోర్సులతోపాటు కొద్దికాలపువీ నేర్పుతారు. పల్లెల్లో యువతీయువకులకి బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. వీటికి మూలం 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్. భోజనం, వసతి ఇచ్చి ఉచితంగా నేర్పడం ఒక ఎత్తు. నేర్చుకుని వెళ్లినవాళ్లని ఆ తర్వాత కూడా రెండేళ్లపాటు కనిపెట్టుకుని ఉండాలన్న నియమం ఇంకో ఎత్తు. నిజానికి సగం విలువ అక్కడే ఉంది. ఎవరో ఒకరు వచ్చి 'ఏమైంది, ఎక్కడిదాకా వచ్చింది?' అని అడుగుతారన్న ఆలోచనే మనిషిని ముందుకు తోస్తుంది. అడిగేవాళ్లు లేనిచోట పక్క కొట్టాయనతోనైనా ఒప్పందం పెట్టుకోవచ్చు. నెలకోసారి టీ తాగుతూ ఒకరి లెక్క ఒకరికి చెప్పుకోవడం. పోటీ కొట్టు కాకుండా చూసుకోవాలి, అంతే.

ఏం నేర్చుకోవాలన్న ప్రశ్నకి మాత్రం ఏ సంస్థా జవాబు చెప్పదు. అది గల్లా దగ్గరే దొరుకుతుంది. వచ్చి, అడిగి, లేదనిపించుకుని వెళ్లిపోయిన వాళ్లు ఏం అడిగారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే నెలరోజుల్లో తెలిసిపోతుంది. కొన్నవాళ్ల లెక్క అందరూ రాస్తారు. కొనకుండా వెళ్లినవాళ్ల లెక్క రాసేవాళ్లే తక్కువ.

తాళాలెవరి దగ్గర?

ఇప్పుడు కాకినాడ అధ్యయనంలో మిగిలిన ముక్క. శిక్షణ తీసుకున్నవాళ్లలో కూడా అందరూ ఒకేలా ముందుకెళ్లలేదు. వ్యాపారంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాళ్లు ముందుకెళ్లారు. లేనివాళ్లు, ఎంత ఉత్సాహంగా తిరిగి వెళ్లినా, పెద్దగా చేయలేకపోయారు.

దీన్ని మన ఇళ్లకి అన్వయించుకోవడం ఎంత తేలికో! కొడుకు డిగ్రీ చదివి కొట్టులో కూర్చుంటాడు. ఏదో కొత్తగా చేయాలంటాడు. 'చేద్దువుగానీలే, ముందు ఆ బస్తా దించు' అంటాడు నాన్న. ఇంకో ఇంట్లో టైలరింగ్ చేసేది భార్య, మిషను కొనాలా వద్దా తేల్చేది భర్త. నాన్నకి కోపం ఉండి కాదు, భయం. ముప్ఫయ్యేళ్లు కూడబెట్టింది కొడుకు ఒక్క ఏడాదిలో పోగొడతాడేమోనని. ఆ భయం అబద్ధం కూడా కాదు, అలా పోగొట్టినవాళ్లని ఆయన చూశాడు. కొడుకు బాధా అబద్ధం కాదు. ముప్ఫయ్యేళ్లొచ్చినా గల్లాలోంచి వంద తీయాలంటే అడగాలి. అడిగి అడిగి విసిగి, ఏదో కంపెనీలో పన్నెండు వేల ఉద్యోగానికి వెళ్లిపోతాడు. తర్వాత కొట్టు చూసుకునేవాళ్లు లేరని నాన్న బెంగపడతాడు. ఎన్ని ఊళ్లలో ఎన్ని కొట్లు ఇలా మూతపడలేదు? పోటీ వల్ల మూతపడ్డాయని అందరూ అనుకుంటారు.

దీనికీ మధ్యస్థ దూరం ఒకటి ఉంది. తాళాలన్నీ ఒకేసారి ఇవ్వనక్కర్లేదు, అసలు ఇవ్వకుండా ఉండనూ అక్కర్లేదు. కిరాణా కొట్టయితే ఒక అర. బట్టల కొట్టయితే పిల్లల బట్టల వరస. టిఫిన్ సెంటరయితే సాయంత్రం పూట. దానికి ఇంత పెట్టుబడి అని ముందే తీసి చేతికివ్వాలి, పోయినా ఇల్లు కదలనంత. ఏం తేవాలి, ఎంతకి అమ్మాలి, ఎవరికి అరువివ్వాలి... అంతా వాళ్ల ఇష్టం. సొరుగు వేరు, లెక్క వేరు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ పుస్తకం చూసుకోవాలి. లాభం వస్తే రెండో అర. నష్టం వస్తే అదే అరకి ఇంకో ఆరు నెలలు.

కొడుకు పని కొంచెం తేలికే. ఆ ఆరు నెలలూ ఆ అర వైపు చూస్తూ, పురుగు పట్టిన సరుకేదో కనిపిస్తున్నా, నోరు మెదపకుండా కూర్చోవాల్సిన నాన్నదే అసలు కష్టం.